ఎయిర్‌బ్యాగ్ మాట ముందు రాయి

చిరంజీవి రవికి,

కార్లలో వెచ్చబడే హీటెడ్ సీట్లు పనిచేయకపోతే లోపం ఎక్కడుందో ఎలా చూసుకోవాలని నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. 1966లో క్యాడిలాక్ కార్లతో మొదలుపెట్టి పేజీ నిండా చరిత్రే రాశావు. మినియాపొలిస్‌లో జనవరి పొద్దున సెకండ్ హ్యాండ్ కారెక్కి, మంచుగడ్డలాంటి సీటు మీద కూర్చున్న మనవాళ్లకి అదంతా ఎందుకు? ఒక్క వాక్యం ఉంచి మిగతాది తీసెయ్.

సర్క్యూట్ సంగతి కరెంటు నడిచే వరసలోనే చెప్పు. బ్యాటరీ, ఫ్యూజ్, కరెంటుతో పనిచేసే స్విచ్ అయిన రిలే లేదా కంట్రోల్ మాడ్యూల్, కుషన్‌లోనూ వీపు భాగంలోనూ ఉండే హీటింగ్ తీగ, చివరికి ఎర్త్, అంటే కారు బాడీ. వేడి ఎంతుందో కనిపెట్టేది థర్మిస్టర్. "నిరోధం తక్కువ" అని వదిలేశావు, లెక్క కట్టి చూపించు. తీగ నిరోధం 4 ఓమ్‌లు అనుకుంటే 12 వోల్టులకు 3 ఆంపియర్లు, అంటే 36 వాట్లు. ఓమ్స్ కొలిచే మల్టీమీటర్‌లో అంకె రాకుండా ఓఎల్ (OL) అని చూపిస్తే తీగ ఎక్కడో తెగినట్టే. సీటు మీద మోకాలు ఆనించి వెనక సామాన్లు అందుకునే అలవాటు ఉంటే అలా తెగుతుంది. ఇది తప్పకుండా రాయి, చాలామందికి తెలియదు.

నాకు అస్సలు నచ్చనిది మీటర్ భాగం. "సీటు కింద కనెక్టర్ ఊడదీసి ఓమ్స్ చూడండి" అని ముందు రాసి, ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక ఆఖరి పేరాలో పెట్టావు. చదివేవాడు ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మీటరు పట్టుకుని ఉంటాడయ్యా! ఆఖరి పేరాకి వచ్చేలోపే చెయ్యి పెట్టేస్తాడు. చాలా కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటులోనే ఉంటుంది, దాని కనెక్టర్ సాధారణంగా పసుపు రంగు. ఓమ్స్‌లో ఉన్న మీటర్ తానే కొంచెం కరెంటు పంపుతుంది. ఆ తీగలకి తగిలిస్తే బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. కాబట్టి ఇగ్నిషన్ ఆపడం, బ్యాటరీ నెగటివ్ తీయడం, ఆ కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగడం, పసుపు కనెక్టర్ జోలికి పోకపోవడం ముందు రాయి. మీటర్ మాట ఆ తర్వాతే.

అసలు సీటు దాకా వెళ్లకముందే ఫ్యూజ్ చూడమను. రెండు సీట్లూ ఒకేసారి చల్లబడితే అనుమానం ముందు దాని మీదే. పోయిన ఫ్యూజ్ బదులు పెద్దది వేస్తే షార్ట్ అయినప్పుడు ఫ్యూజ్‌కి బదులు వైరు కాలుతుంది, సీటు ఫోమ్ అంటుకోవచ్చు.

వేడి మితిమీరకుండా ఆపే థర్మోస్టాట్‌ని బైపాస్ చేసి, అంటే అది లేకుండా తీగలు కలిపేసి చూడొచ్చన్న లైను నేనే కొట్టేశాను, మళ్లీ పెట్టకు. సవరించి ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు