ఉద్యోగం మీరు మానేశారా, వాళ్లు తీసేశారా?

ప్రశ్న: మాది బరంపురం. ఇక్కడ ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో 2018 నుంచి ల్యాబ్ ఇన్‌చార్జిగా చేశాను. జీతం 17,500. 2024 జనవరి 20 నుంచి డెలివరీ సెలవు తీసుకున్నాను. ఆరు నెలల జీతం నెలనెలా బ్యాంకులో వేశారు, ఆ విషయంలో వాళ్లను తప్పుపట్టను. తర్వాత పాపకు ఒంట్లో బాగోలేదు. సెప్టెంబర్ 30 దాకా సెలవు కావాలని మేనేజర్‌కు వాట్సాప్ పెడితే సరే అన్నారు. ఇంతలో అత్తగారికి పక్షవాతం వచ్చింది. చూసుకునేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆవిడ పోయాక 2026 జనవరిలో డ్యూటీకి వెళ్తే, "నువ్వు ఎప్పుడో రాజీనామా ఇచ్చావు కదా" అన్నారు. పీఎఫ్ సైట్‌లో చూస్తే నేను మానేసిన తేదీ 2024 మే 31 అని ఉంది. నేను బాలింతగా ఉన్నప్పుడు ఆఫీసు గుమస్తా ఇంటికొచ్చి, జీతం కాగితాలని చెప్పి ఒడియాలో ఉన్న వాటి మీద సంతకాలు పెట్టించుకున్నాడు. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. గ్యాప్ వచ్చిన ఆడవాళ్లను మళ్లీ పనిలోకి తీసుకోవాలనే చట్టం ఉందా? శ్రీకాకుళంలో తెలిసినవాళ్ల ల్యాబ్ నుంచి రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తానని మా అన్నయ్య అంటున్నాడు. తీసుకోమంటారా?
– ఒక సోదరి, బరంపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అత్తగారి జబ్బు గురించి, మేనేజర్ మాట్లాడిన తీరు గురించి రాశారు. అవి కేసును తేల్చవు. తేల్చే మాట మీరు యథాలాపంగా రాసి వదిలేశారు: ఆరు నెలల జీతం నెలనెలా బ్యాంకులో పడింది. డెలివరీ సెలవు 26 వారాలు, అంటే మీ లెక్కలో 2024 జూలై 19 వరకు. మీరు మే 31న రాజీనామా చేసి ఉంటే జూన్, జూలై నెలల జీతం ఎవరికి వేశారు? ఎందుకు వేశారు? దీనికి వాళ్ల దగ్గర సూటి జవాబు ఉండదు. ఆ రెండు ఎంట్రీలు ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్ రేపే తీసుకుని, దాని మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. ఆ డబ్బు ఈఎస్ఐ నుంచి వచ్చి ఉంటే ఈఎస్ఐ రికార్డు తీయించండి, అప్పుడు అదే మీ సాక్ష్యం.

గ్యాప్ వచ్చినవాళ్లను మళ్లీ తీసుకోవాలని ప్రైవేటు యజమానిని బలవంతపెట్టే చట్టం లేదు. కాబట్టి ఆ ప్రశ్న పక్కన పెట్టండి. అడగాల్సింది వేరు: అసలు మీ ఉద్యోగం ఎప్పుడైనా చట్టప్రకారం ముగిసిందా? డెలివరీ సెలవులో ఉన్న మనిషిని తీసేయడం, 2024లో అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 12వ సెక్షన్ ప్రకారం చెల్లదు. మే 31 ఆ సెలవు మధ్యలో ఉంది. అందుకే వాళ్లు 'తీసేశాం' అనకుండా 'రాజీనామా' అంటున్నారు.

ఇక ఆ ఒడియా కాగితం. మీరు ఒడియా గలగలా మాట్లాడతారు, చదవడం రాదు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మనవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. కానీ చదవడం రానప్పుడు సంతకం ఎలా పెట్టారు? పక్క వీధిలో ఒడియా చదివే పిల్లాడు కూడా దొరకలేదా? కనీసం ఫోన్‌తో ఫొటో తీసుకుని ఉంటే సరిపోయేది. చంటిపిల్లతో ఉన్నారు, తెలుసు. అయినా ఈ అజాగ్రత్తకు ఇప్పుడు మూల్యం కడుతున్నారు. అది రాజీనామా కాగితమే అయితే, ఏమని చెప్పి సంతకం తీసుకున్నారో మీరే రుజువు చేయాల్సి వస్తుంది. ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు, గుమస్తా ఏమన్నాడు, ఎన్ని కాగితాలు, స్టాంపు ఉందా, తేదీ వేసి ఉందా ఖాళీగా ఉందా, గుర్తున్నంత వరకు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఆరు నెలలు పోతే మీకే సరిగా గుర్తుండదు.

మీ బలహీనత కూడా చెప్పాలి. 2024 సెప్టెంబర్ 30 తర్వాత 15 నెలలు మీరు ఒక్క ముక్క రాయలేదు. రాజీనామా కథ నిలవకపోతే, 'ఆమే చెప్పకుండా మానేసింది' అని వాళ్లు రెండో కథ ఎత్తుకుంటారు. దానికి 1993లో డి.కె.యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు అండ. అక్కడ సెలవు లేకుండా ఎనిమిది రోజులకు మించి రాలేదని కంపెనీ తన నిబంధన చూపించి కార్మికుడి పేరు కొట్టేసింది. సంజాయిషీ అడక్కుండా, విచారణ లేకుండా అలా చేయడం చెల్లదని కోర్టు అతన్ని తిరిగి పనిలోకి తీసుకోమంది, సగం బకాయి జీతంతో. మీకు నోటీసు గానీ విచారణ గానీ లేవు కాబట్టి మీరు నిలబడగలరు. అయితే మీరు పనికి రాని ఆ 15 నెలల జీతం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. తిరిగి ఉద్యోగం, పాత సర్వీసు లెక్క, లేదా నష్టపరిహారం, అక్కడి దాకా అడగడం సబబు.

గడువు సంగతి జాగ్రత్తగా చదవండి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇలాంటి వివాదానికి మూడేళ్లు ఉండేవి. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది, అందులో రెండేళ్లే. మీకు ఏది వర్తిస్తుందని వాదించుకోవచ్చు, మీకు తెలిసిన రోజు నుంచి లెక్కించాలనీ వాదించవచ్చు. వాదన మీద బతకొద్దు. రెండేళ్ల లెక్కన 2026 మే 31తో సరి, అది కూడా ఆదివారం. మార్చి దాటనివ్వకండి.

మీ అన్నయ్య చెప్పిన సర్టిఫికెట్ జోలికి పోవద్దు. ఆయన ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ అది మీ మెడకు ఉరి. ఆ రెండేళ్లు శ్రీకాకుళంలో పనిచేశానని మీరే కాగితం చూపిస్తే, ఇక్కడ ఉద్యోగం వదిలేశానని మీరే ఒప్పుకున్నట్టు. నర్సింగ్ హోమ్ లాయర్ మిమ్మల్ని ఇంకేమీ అడగక్కర్లేదు. పైగా తప్పుడు పత్రం సృష్టించడం, అది తప్పుడుదని తెలిసీ వాడటం భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరాలు. సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లూ, ఇప్పించిన మీ అన్నయ్యా ఇరుక్కుంటారు. కొత్త యజమాని మీ పీఎఫ్ చరిత్ర చూస్తే శ్రీకాకుళం ల్యాబ్ పేరు అందులో ఎక్కడా ఉండదు. వేరేచోట ఉద్యోగం వెతుక్కోవాలంటే నిరభ్యంతరంగా వెతుక్కోండి, చేరినా కేసు పోదు, బకాయి జీతం లెక్క తగ్గుతుంది అంతే. దరఖాస్తులో పిల్ల కోసం, అత్తగారి కోసం ఇంట్లో ఉన్నానని ఉన్నదున్నట్టు రాయండి. పీఎఫ్ మొత్తం తీసేసే ఫారం 19 కూడా ఇప్పుడు పెట్టొద్దు, ఉద్యోగం మానేసినవాళ్లు పెట్టే ఫారం అది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. పీఎఫ్ సైట్‌లో మే 31 కనిపించే పేజీ ప్రింట్ తీయండి. మేనేజర్‌కు ఒక పేజీ ఉత్తరం రాయండి: నేను రాజీనామా చేయలేదు, డ్యూటీకి సిద్ధంగా ఉన్నాను, నేను ఇచ్చానంటున్న రాజీనామా కాపీ 15 రోజుల్లో ఇవ్వండి. కోపం, ఏడుపు ఒక్క మాట కూడా వద్దు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు అడిగి పంపి, రసీదును ఉత్తరం కాపీకి పిన్ చేయండి. జవాబు రాకపోయినా, అడ్డంగా వచ్చినా, లేబర్ ఆఫీసులో రాజీ ప్రక్రియకు దరఖాస్తు పెట్టండి. అక్కడ తేలకపోతే, రాజీ అధికారి నివేదిక అందిన 90 రోజుల్లో పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. దరఖాస్తులో 'ఇన్‌చార్జి' అని మాత్రం ఊరికే రాయకండి. రక్తం తీయడం, మెషిన్ మీద పరీక్షలు చేయడం, రిపోర్టు రాయడం, రోజూ మీ చేతులతో ఏం చేశారో అది రాయండి. మిమ్మల్ని సూపర్‌వైజర్‌గా చూపి, కార్మికురాలు కాదని వాదించే అవకాశం వాళ్లకు ఇవ్వొద్దు.

లేబర్ ఆఫీసంటే మొహమాటపడకండి. కార్మిక నాయకుడిగా, కేంద్ర కార్మిక మంత్రిగా చేసి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1894లో పుట్టింది మీ ఊళ్లోనే. కోర్టుకు ఎక్కేముందు ఇరుపక్షాలూ కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన గట్టిగా పట్టుబట్టిన మాట. నర్సింగ్ హోమ్‌వాళ్లు కూడా జూన్, జూలై జీతాల ఎంట్రీలు చూశాక కోర్టుకన్నా రాజీనే కోరుకుంటారని నా అంచనా. అక్కడ ఏ కాగితం మీద సంతకం అడిగినా, తెలుగులో చదివించుకునే దాకా పెట్టొద్దు.

లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, జిల్లా న్యాయ సేవల సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. మేనేజర్ 'సరే' అన్న వాట్సాప్ ఉన్న ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వొద్దు, రీసెట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, దాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ కావాలి. లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఫోన్ కూడా తీసుకెళ్లండి.