మామూలు దిగులుకీ డిప్రెషన్‌కీ తేడా ఎలా తెలుస్తుంది?

దిగులుకి చాలాసార్లు ఓ కారణం ఉంటుంది, అయినవాళ్లు వచ్చి నాలుగు కబుర్లు చెబితే కాసేపైనా తేలికపడుతుంది. డిప్రెషన్ అలా కాదు. దాదాపు రోజంతా, కనీసం 2 వారాల పాటు మనసు బరువుగా ఉండటమో, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవటమో, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిని రోజువారీ పనులు సాగకపోవటమూ కనిపిస్తే డాక్టర్లు దాన్ని అనుమానిస్తారు.

మన ఇళ్లలో ఇది చాలాసార్లు మాటల్లో కంటే ముందు ఒంట్లో బయటపడుతుంది. మా అమ్మ నెలల తరబడి "ఒళ్లు నొప్పులు, నీరసం" అనే చెప్పింది. తెల్లారగానే ముగ్గు పెట్టే మనిషి, చీపురు చేత్తో పట్టుకుని మెట్టు మీద అలాగే కూర్చుండిపోతుంటే గానీ మాకు అర్థం కాలేదు. డాక్టర్ ముందు థైరాయిడ్ టెస్ట్ చేయించారు, థైరాయిడ్ హార్మోన్ తగ్గినా ఇలాగే ఉంటుంది కాబట్టి.

"ధైర్యంగా ఉండు" అని చెప్పి ఊరుకోకండి, దయచేసి. రాత్రి నిద్ర పట్టిందా, ఏమైనా తిన్నావా అని అడిగి పక్కన కూర్చోండి. సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్లటానికి మొహమాటపడితే, 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయించండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలన్న మాట వస్తే మాత్రం 2 వారాల లెక్క చూడొద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, అప్పటిదాకా ఒంటరిగా వదలొద్దు.