ఇంట్లో నగల ఫోటోలకు, మ్యాక్రోకు మొదట ఏ లైటు కొనాలి?

మీరు అడిగింది ఇదీ: ఇంట్లోనే వన్ గ్రామ్ గోల్డ్ నగలు అమ్ముతున్నారు. చేతిలో ఒక పాత డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. పది వేలు దాటకుండా లైట్లు కొనాలి, వీలైతే వాటితోనే పూలు, పురుగుల మ్యాక్రో, అంటే అతి దగ్గరి నుంచి తీసే ఫోటోలు కూడా తీయాలి. రింగ్ లైట్ (చక్రంలా ఉండే లైటు), లైట్ బాక్స్, సాఫ్ట్‌బాక్స్ (ముందు తెల్ల గుడ్డ ఉన్న పెట్టెలో బల్బు) జత, ఫ్లాష్, ఈ నాలుగింట్లో ఏది మేలని అడిగారు. నల్లపూసలు తీస్తే ఒకే నల్ల ముద్దలా వస్తున్నాయని చివర్లో రాశారు, దాని సంగతి కూడా చెబుతాను.

మా అక్కది బందరులో గిల్టు నగల వ్యాపారం. చిలకలపూడి పనివాళ్ల దగ్గర సరుకు తీసుకుని వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతుంది. ఆరేళ్లుగా ఫోటోలు నేనే తీస్తున్నాను. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. ముందు సూటిగా చెప్పేస్తాను: నగలకు ఒకే ఒక మంచి ఎల్ఈడీ లైటు కొనండి, రెండు వద్దు. పురుగులకు ఆ లైటు చాలదు, వాటికి మాన్యువల్ ఫ్లాష్, అంటే పవర్ మనమే పెట్టుకునే ఫ్లాష్ కావాలి. రెండూ ఒకేసారి కొనలేకపోతే ముందు ఎల్ఈడీ, ఎందుకంటే మీకు డబ్బు తెచ్చేది నగలే. రింగ్ లైట్ మాత్రం ఈ పనికి వద్దు.

నేను మొదట కొన్నది ఆన్‌లైన్‌లో దొరికే చవక జత. రెండు స్టాండ్లు, రెండు గొడుగులు, రెండు పెద్ద సీఎఫ్ఎల్ బల్బులు. వెలుతురు బాగానే ఉండేది. ఒకసారి కెంపుల నెక్లెస్ తీసి పెడితే రాజమండ్రి నుంచి ఒకావిడ ఆర్డర్ ఇచ్చారు. పార్సిల్ అందాక ఫోన్ చేసి, "ఫోటోలో మెరూన్ రంగు ఉందమ్మా, నా చీర అంచుకు సరిగ్గా సరిపోతుందని తీసుకున్నాను, వచ్చిందేమో దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. సరుకు వెనక్కి వచ్చింది, రెండు వైపులా కొరియర్ ఖర్చు అక్కే పెట్టుకుంది. నెక్లెస్ పక్కన ఫోన్ పెట్టి చూస్తే ఫోటోలో రాళ్లు నిజంగానే వక్క రంగులో ఉన్నాయి.

తప్పు బల్బుది. లైటు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకెను సీఆర్ఐ అంటారు, పూర్తి మార్కులు 100. ఇళ్లలో వాడే మామూలు ఎల్ఈడీ బల్బులకు ఇది 80 దగ్గర ఉంటుంది, పెట్టె మీద చూస్తే తెలుస్తుంది. ఇంకో చిక్కు ఉంది. ఆ అంకెను 8 లేత రంగుల సగటుగా లెక్కకడతారు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు, దాన్ని ఆర్9 అని విడిగా చూస్తారు. అంటే సీఆర్ఐ పర్వాలేదనిపించినా కెంపు దగ్గర బల్బు మోసం చేయవచ్చు. మన నగల్లో కెంపు లేనిది ఎన్ని? అందుకే సీఆర్ఐ 95, ఆ పైన ఉన్నది తీసుకోండి. ఆర్9 అంకె కూడా ఇస్తే అది 90 దాటిందో లేదో చూడండి. వాట్ల కన్నా ముందు చూడాల్సింది ఇదే.

వాట్ల గురించి చాలామందికి టెన్షన్. నగ కదలదు కదా. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఐఎస్ఓ (సెన్సార్ వెలుగుకు స్పందించే స్థాయి) 100, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం సైజు) పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీస్తే షటర్ అర సెకను తెరుచుకున్నా నష్టం లేదు. ట్రైపాడ్ లేకపోతే లైటు కన్నా ముందు అది కొనండి. 5600 కెల్విన్ పగటి రంగు లైటు, 40 నుంచి 60 వాట్లది, మీ బల్ల మీది పనికి ధారాళంగా సరిపోతుంది. రంగు మార్చుకునే బై-కలర్ సదుపాయానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఒకటే పెద్ద చిప్ ఉండే సీఓబీ రకం దొరికితే మంచిది, నీడ ఒక్కటే శుభ్రంగా పడుతుంది.

కొనేముందు షాపులోనే ఒక పరీక్ష చేయండి. లైటును సగం వెలుతురుకు తగ్గించి, షటర్ 1/1000 పెట్టి ఒక తెల్ల గోడను ఏడెనిమిది సార్లు తీయండి. ఫోటోల్లో అడ్డ చారలు కనిపించినా, ఒక ఫోటో వెలుగ్గా ఒకటి చీకటిగా వచ్చినా ఆ లైటు వద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. ఇప్పటికే అలాంటిది కొనేసి ఉంటే షటర్ 1/50 దగ్గరో, అంతకన్నా నెమ్మదిగానో పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మెరుగు పెట్టిన నగ అద్దం లాంటిది. దాని మీద పడే వెలుగు కన్నా, దానిలో కనిపించే ప్రతిబింబమే ఫోటోలో ఎక్కువగా వస్తుంది. రింగ్ లైట్‌తో తీసిన పాపిటబిళ్లను పెద్దది చేసి చూడండి. మధ్య రాయిలో తెల్లటి సున్నా, సున్నా మధ్యలో నల్లగా కెమెరా, చుట్టూ ఉన్న చిన్న రాళ్లలో కూడా చిన్న చిన్న సున్నాలు. కాసులపేరు అయితే ప్రతి కాసు మీదా ఒక వంకర గీత. కాబట్టి నగకు మనం చూపించాల్సింది లైటును కాదు, వెలుగుతున్న పెద్ద తెల్ల కాగితాన్ని.

నేను చేసేది చెబుతాను. బల్ల మీద బూడిదరంగు చార్టు, దాని మీద నగ. స్టేషనరీ షాపులో దొరికే ట్రేసింగ్ పేపర్ పెద్ద షీటు తీసుకుని, నగకు ఒక పక్క నుంచి మొదలై నగ పైకి వంగేలా, పాక చూరులాగా నిలబెడతాను. నగకూ కాగితానికీ మధ్య జానెడు దూరం. కాగితం వెనక రెండడుగుల దూరంలో లైటు. దగ్గరగా ఉన్న కాగితం నగకు ఆకాశమంత పెద్దదిగా కనిపిస్తుంది, అందుకే మెరుపు మెత్తగా పరుచుకుంటుంది. అదే కాగితాన్ని నాలుగడుగుల దూరం జరిపితే వెలుగు మళ్లీ గట్టిపడుతుంది, నీడ అంచులు కత్తిరించినట్టు వస్తాయి. లైటుకు ఎదుటి పక్క ఒక థర్మాకోల్ ముక్క పెడితే ఆ వైపు చీకటి తేలికవుతుంది. కాగితాన్ని లైటుకు మాత్రం ఎప్పుడూ తాకించకండి, సీఓబీ లైట్లు బాగా వేడెక్కుతాయి.

ఇంతవరకు చేస్తే నగ శుభ్రంగా వస్తుంది గానీ కొంచెం నీరసంగా, పాలలో ముంచినట్టు ఉంటుంది. అప్పుడు నల్ల చార్టును వేలెడు వెడల్పు పట్టీగా కత్తిరించి, నగ పక్కన ఫ్రేములో పడకుండా నిలబెట్టండి. గాజు అంచు వెంట ఒక సన్నటి చీకటి గీత వస్తుంది. ఆ గీతతోనే గాజు గుండ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. పట్టీని అరంగుళం అటూ ఇటూ జరుపుతూ వ్యూఫైండర్‌లో చూడండి, గీత గాజు మీద పాకుతూ వెళ్తుంది. అది చూసిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఎల్ఈడీని ముందు కొనమన్నది కూడా ఇందుకే. వెలుగు కళ్ల ముందే ఉంటుంది కాబట్టి ఏది జరిపితే ఏం మారుతుందో చూస్తూ నేర్చుకుంటారు. ఫ్లాష్‌తో అయితే నొక్కాకే తెలుస్తుంది.

తెల్లరాళ్ల సంగతి వేరు. వాటికి మెత్తటి వెలుగు మాత్రమే ఇస్తే గాజుపెంకుల్లా చచ్చుగా ఉంటాయి. రాయి తళుక్కుమనాలంటే చిన్న, గట్టి వెలుగు ఒకటి ఉండాలి. గోరంత అద్దం ముక్కతో కాగితం అంచు దాటి వచ్చే వెలుగును రాళ్ల మీదికి మళ్లిస్తాను. అంత చాలు.

లైట్ బాక్స్ గురించి: నాలుగు వైపులా తెల్లటి గుడ్డ, లోపల ఎల్ఈడీ పట్టీలు. సబ్బులు, ఊరగాయ సీసాల్లాంటి వాటికి పనికొస్తుంది. నక్షీ పని ఉన్న నగకు మాత్రం చేటు చేస్తుంది. అన్ని వైపుల నుంచీ ఒకే వెలుగు వస్తే చెక్కిన గాడిలో నీడ ఉండదు, నీడ లేకపోతే లక్ష్మీదేవి బొమ్మ రేకు మీద అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. పనివాడు రోజంతా కూర్చుని తీర్చిన పనితనం అంతా ఫోటోలో పోతుంది. నాకు అది బాధగా ఉంటుంది. సాఫ్ట్‌బాక్స్ జత చెడ్డదేమీ కాదు, కాకపోతే మీ బల్లకు అది మరీ పెద్దది, రెండో లైటుతో రెండో నీడ వస్తుంది. మీ దగ్గర ఇప్పటికే ఉంటే ఒకటి ఆపేసి, ఇంకోదానిలో సీఆర్ఐ ఎక్కువున్న బల్బు వేసి వాడుకోండి.

కిటికీ వెలుగు చాలదా అని అనిపించవచ్చు. చాలా బాగుంటుంది, నేను ఏడాది పాటు ఉత్తరం కిటికీ దగ్గరే తీశాను. కానీ మన వ్యాపారం ఊపందుకునేది శ్రావణమాసంలో, వరలక్ష్మీవ్రతం ముందు. అప్పుడే మబ్బులు. పది నిమిషాలకోసారి వెలుగు మారిపోతే ముప్పై జతల కమ్మలు ఒకే రంగులో రావు. లైటు వేసుకున్నాక మాత్రం కిటికీ తెర మూసేయండి, ట్యూబ్‌లైటు ఆపేయండి. రెండు రకాల వెలుగులు కలిస్తే నగలో ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం వస్తాయి, తర్వాత ఎంత సరిచేసినా కుదరదు. ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును కెమెరాయే సరిదిద్దుకోవడం) కూడా వద్దు. ఫ్రేమంతా బంగారు రంగే ఉంటే కెమెరా దాన్ని ఎక్కువ పసుపు అనుకుని తగ్గించేస్తుంది, నగ ఇత్తడిలా పాలిపోతుంది. గ్రే కార్డు (ఏ రంగు ఛాయా లేని బూడిదరంగు అట్ట) ఒకటి కొని, మొదటి ఫోటో దానితో తీసి, ఆ ఫోటోనే ఆధారంగా చూపించి కెమెరాలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి.

ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి. బుట్టకమ్మలు వేలాడదీసి తీస్తే ముత్యాలు మాత్రం మసకగా వచ్చేవి, లెన్స్ పాడైందేమో అనుకుని చాలా రోజులు కంగారుపడ్డాను. ఫ్యాన్ గాలికి ముత్యాలు వెంట్రుకవాసి ఊగుతున్నాయి, షటరేమో అర సెకను. బందరు ఎండల్లో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం కష్టమే, అందుకని అన్నీ సర్దుకుని, నొక్కేముందు మాత్రమే ఆపుతాను.

మ్యాక్రోకు వద్దాం. వస్తువు అసలు సైజులోనే సెన్సార్ మీద పడేంత దగ్గరికి వెళ్తే, లెన్స్ మీద ఎఫ్/11 అని ఉన్నా సెన్సార్‌కు చేరే వెలుగు ఎఫ్/22కు చేరినంతే, అంటే నాలుగో వంతు. ఎఫ్/11 దగ్గర కూడా స్పష్టంగా ఉండే మందం సుమారు ఒక మిల్లీమీటరే. పైగా చీమ ఆగదు, మీ చెయ్యి ఆగదు. ఎల్ఈడీతో షటర్ వేగం పెంచితే ఫోటో చీకటి, తగ్గిస్తే మసక. ఫ్లాష్‌ను 1/32 పవర్‌లో పెడితే అది వెలిగేది దాదాపు సెకనులో పది వేల వంతే. అంత చిన్న రెప్పపాటులో చీమ మీసం కూడా ఆగిపోతుంది. షటర్ 1/160 లేదా 1/200 చాలు.

టీటీఎల్ (ఫ్లాష్ వెలుగును కెమెరాయే లెక్కగట్టే పద్ధతి) లేని మాన్యువల్ ఫ్లాష్ కొనండి. గోడాక్స్ టీటీ600 లాంటిదైతే వైర్‌లెస్ రిసీవర్ లోపలే ఉంటుంది, కెమెరా మీద బిగించే ట్రిగ్గర్ ఒకటి తీసుకుంటే ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే బ్యాటరీ గది తెరిచి తుప్పు, తెల్ల పొడి ఉన్నాయేమో చూడండి, ఫుల్ పవర్‌లో పది పన్నెండు సార్లు వెలిగించి చూడండి. ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య టీవీ పెట్టెలో వచ్చే తెల్ల ఫోమ్ షీటు వంచి కట్టండి, నగకు చూరు కట్టినట్టే. పురుగు వీపు కూడా మెరిసే వస్తువే, సూత్రం మారదు. మా కరివేపాకు చెట్టు మీద చిన్న గెంతే సాలీడు ఒకటి ఉండేది. ఫోమ్ లేకుండా తీస్తే దాని కళ్లలో సూది మొనల్లాంటి తెల్ల చుక్కలు. ఫోమ్ కట్టి తీశాక నల్లటి కంటిలో పలచటి వెలుగు పొర, దాని కింద మీసాల్లాంటి వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వచ్చాయి.

లెన్స్ కొత్తది అక్కర్లేదు. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (ఖాళీ గొట్టాలు) తీసుకుని లెన్స్‌ను 55 దగ్గర పెట్టి వాడండి. లోపల ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి, లేకపోతే ఎఫ్ నంబరు మార్చలేరు.

ఇక నల్లపూసలు. వెలుగు ముందు నుంచి వస్తున్నందుకే మీకు ముద్దలా వస్తున్నాయి. లైటునూ ట్రేసింగ్ పేపర్‌నూ గొలుసు వెనక్కి మార్చండి, కాగితం కొద్దిగా ముందుకు వంగి ఉండాలి. కింద తెల్ల చార్టు వద్దు, లేత బూడిదరంగు పెట్టండి. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు, అంటే వెలుగు రెట్టింపయ్యేలా పెంచండి. తర్వాత కెమెరా కదపకుండా కాగితాన్ని మాత్రం మెల్లగా పైకీ కిందికీ వంచుతూ చూడండి. ప్రతి పూస నెత్తి మీదా బియ్యపుగింజంత తెల్ల మెరుపు ఒకటి లేస్తుంది, పూసకూ పూసకూ మధ్య సందు విడిపోతుంది. అప్పుడు ఫ్యాన్ ఆపి నొక్కండి.