సినిమాలో చూసిన ఆ మెట్లు

ప్రశ్న: వచ్చే నెల మా అబ్బాయి దగ్గరికి లాస్ ఏంజెలిస్ వెళుతున్నాను. సినిమాల్లో కనిపించే పాత కట్టడాలు చూడాలని ఉంది. ఒక్క రోజే వీలవుతుంది. ఎక్కడికి వెళ్లమంటారు?

జవాబు: ఒక్క రోజే అయితే స్టూడియో టూర్ల జోలికి పోకండమ్మా. నేరుగా డౌన్‌టౌన్‌లోని బ్రాడ్‌బరీ బిల్డింగ్‌కి వెళ్లండి. 1893 నాటి ఐదంతస్తుల ఆఫీసు భవనం. బయటి నుంచి మామూలు ఇటుక కట్టడమే. లోపలికెళ్లి తలెత్తితే అద్దాల పైకప్పు నుంచి వెలుతురు కిందిదాకా జారుతుంటుంది. చుట్టూ తీగల అల్లికలాంటి ఇనుప రెయిలింగులు, పంజరాల్లాంటి పాత లిఫ్టులు. 1982లో వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’లో చీకట్లో, వాన నీళ్లు కారుతూ పాడుబడ్డట్టు కనిపించింది ఇదే! నేను మొదటిసారి ఆ రెయిలింగు మీద చెయ్యేసి చాలాసేపు నమ్మలేకపోయాను. మెట్ల మొదటి మలుపు దాకానే పోనిస్తారు. పైన ఆఫీసులున్నాయి మరి, మెల్లగా మాట్లాడండి. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నమైతే మంచిది.

అక్కడి నుంచి నడిచే దూరంలోనే ఏంజెల్స్ ఫ్లైట్. 1901లో మొదలైన బుల్లి కొండ రైలు. రెండు పెట్టెలు ఒకే తీగకు కట్టి ఉంటాయి, ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది. ‘లా లా ల్యాండ్’లో జంట ఎక్కింది దీన్నే. మీ అబ్బాయినీ తప్పకుండా ఎక్కించండి.