జపాన్‌లో క్రెడిట్ కార్డు: "ఇక్కాయ్" అనండి, రిబో జోలికి పోకండి

అడిగింది: "టోక్యోలో ఉద్యోగం వచ్చింది. జపాన్ వాళ్లు నోట్లే వాడతారట కదా, కార్డు అవసరమా? మన దగ్గరలాగే మినిమమ్ డ్యూ కట్టుకుంటూ పోవచ్చా?"

నోట్ల దేశం అన్నది పాత మాటండీ. 2024లో జనం ఖర్చులో 42.8 శాతం నగదు లేకుండానే జరిగిందని అక్కడి ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖ లెక్క. అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా క్రెడిట్ కార్డులదే. పేపే అనే ఫోన్ చెల్లింపు యాప్, సుయికా అనే రైలు కార్డు ఎక్కువగా కంటికి కనిపిస్తాయి గానీ పెద్ద మొత్తాలు నడిచేది కార్డు మీదే. చిన్న రామెన్ (నూడుల్స్) కొట్లకూ, చిన్న క్లినిక్‌లకూ మాత్రం జేబులో నోట్లు ఉంచుకోండి.

మినిమమ్ డ్యూ సంగతి మర్చిపోండి. బిల్లు మొత్తం ఒకే రోజున మీ బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోతుంది. రకుతెన్ కార్డుకు నెలాఖరున లెక్క ముగిసి, మరుసటి నెల 27న కోత. జేసీబీ అనే కార్డుకు 15న ముగిసి, మరుసటి నెల 10న. ఆ రోజు బ్యాంకుకు సెలవైతే తర్వాతి పనిదినాన. చాలా కంపెనీల్లో జీతం 25న పడుతుంది కాబట్టి కొత్తగా వెళ్లినవాళ్లకు 27వ తేదీ కార్డే నయం. డబ్బు ముందురోజు రాత్రికే ఖాతాలో ఉండాలి.

కౌంటర్లో ఒక్కోసారి "ఎన్ని విడతలు?" అని అడుగుతారు. "ఇక్కాయ్ దే" అంటే ఒకేసారి అని. మన "ఒక్క"కు దగ్గరగా ఉంది, గుర్తుంటుంది. రెండు విడతలకూ, బోనస్ నెలలో ఒకేసారి కట్టే పద్ధతికీ సాధారణంగా వడ్డీ ఉండదు. మూడో విడత నుంచి మొదలవుతుంది.

అసలు గొయ్యి రిబో. ఎంత కొన్నా నెలకు ఇంతే కడతాను అనే పద్ధతి ఇది. వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం. 3 లక్షల యెన్ల బాకీ ఉంటే మొదటి నెల వడ్డీయే 3,750. అసలు కింద నెలకు 5,000 చొప్పున తీరిస్తే 60 నెలలు పడుతుంది, వడ్డీ 1,14,000 దాటుతుంది. 10,000 చొప్పున అయితే 30 నెలలు, వడ్డీ సుమారు 58,000. దరఖాస్తులో "ఆటోమేటిక్ రిబో" గడిలో టిక్ పెడితే వేల పాయింట్లు ఇస్తామని ఊరిస్తారు. అది పెట్టారంటే కౌంటర్లో మీరు "ఇక్కాయ్" అన్నా అంతా రిబోలోకే పోతుంది. మొదటి స్టేట్‌మెంట్ రాగానే కతకానాలో (విదేశీ మాటలు రాసే జపాన్ లిపి) "రిబో" అన్న రెండక్షరాలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే యాప్‌లో ఆపేసి, మిగిలింది ఒకేసారి కట్టేయండి.

దరఖాస్తులో మనవాళ్లు తప్పేది పేరు దగ్గర. వెంకట సాయి కృష్ణ లాంటి పేరుకు ఇంటిపేరు కూడా కలిస్తే పొడవు ఎక్కువ. "వె"ను బ్యాంకు "బె" అని రాసుకుందో, "వె" అని రాసుకుందో పాస్‌బుక్‌లో చూసి అక్షరం తేడా లేకుండా అదే కతకానా రాయండి. లేకపోతే కార్డు వచ్చినా ఖాతా నుంచి కోత పెట్టే ఏర్పాటు కుదరదు. ఇంగ్లిష్ పేరు రెసిడెన్స్ కార్డులో ఉన్నట్టే ఉండాలి. నగదు అప్పు పరిమితి సున్నా అని పెట్టండి, పరిశీలన తేలికవుతుంది. ఒకటి తిరస్కరించారని వెంటనే ఇంకో మూడింటికి పెట్టొద్దు. ప్రతి దరఖాస్తూ సీఐసీ అనే క్రెడిట్ బ్యూరో రికార్డులో ఆరు నెలలు ఉంటుంది. ఫోన్ వాయిదాలు కూడా అక్కడే నమోదవుతాయి. వాటిని వేళకు కడితే కార్డుకు పనికొస్తాయి, మూడు నెలలు ఎగ్గొడితే ఆ మచ్చ బాకీ తీరాక కూడా ఐదేళ్లు ఉంటుంది.

పిన్ నోటికి వచ్చి ఉండాలి. పిన్ బదులు సంతకంతో సరిపెట్టుకునే పద్ధతి 2025 వసంతంతో పోయింది.

తిరిగి వచ్చేసేటప్పుడు కరెంటు, ఫోన్ బిల్లులను ముందే కార్డు నుంచి తప్పించండి. చివరి కోత పడేదాకా బ్యాంకు ఖాతా మూయొద్దు. ఆఖరి వారం ఖర్చు మరుసటి నెలలో గానీ రాదు.