మా అమ్మమ్మ మంత్రసాని, ఆ పని నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఊరు. ఇంటర్ బైపీసీ పూర్తయింది. అమ్మమ్మ ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో పురుళ్ళు పోసింది. పోయినేడు ఒక బాలింతకు రక్తం ఆగకపోతే డోలీలో మోసుకెళ్ళారు, దేవుడి దయవల్ల బతికింది. అప్పటినుంచి నాకు ఈ పనే చేయాలనుంది. అమ్మమ్మ దగ్గరే నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఉద్యోగం వస్తుందా? నాన్న ఏఎన్ఎం నర్సు కోర్సు చాలంటున్నారు.

జవాబు: అమ్మా, ఆ సర్టిఫికెట్‌తో ఉద్యోగం రాదు. ఒకప్పుడు ప్రభుత్వమే మంత్రసానులకు శిక్షణ ఇచ్చేది. 2005లో ఆసుపత్రిలో కాన్పయితే డబ్బు సాయం చేసే జననీ సురక్ష యోజన వచ్చాక దృష్టంతా ఆసుపత్రి కాన్పుల మీదికి మళ్ళింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2004లోనే, శిక్షణ పొందినా సరే, మంత్రసానుల్ని నైపుణ్యం గల ప్రసూతి సహాయకుల లెక్కలో చేర్చలేదు. అందుకు కారణం నువ్వు కళ్ళారా చూశావు. బిడ్డ బయటపడ్డ నిమిషంలోపు తల్లికి వేసే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ రక్తస్రావాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. అమ్మమ్మ చేతిలో ఎంత పనితనమున్నా ఆ మందు లేదు.

అలాగని ఆమెను తక్కువ చేయకు. నన్ను పట్టింది కూడా మంత్రసానే. మాయ పడేదాకా ఆవిడ బొడ్డు కోసేది కాదని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు డాక్టర్లూ బిడ్డ పుట్టాక కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డు కోయమంటున్నారు. నొప్పులు పడే మనిషిని రాత్రంతా వదలకుండా నడుం రాస్తూ కూర్చోవడం, వెల్లకిలా పడుకోబెట్టకుండా నడిపించడం, మిడ్‌వైఫరీలో, అంటే కాన్పు చేయించే చదువులో, ఈరోజు నేర్పేది ఇదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం సిజేరియన్లు ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. మామూలు కాన్పును ఓపిగ్గా చేయించే మనిషి కావాల్సింది ఇక్కడే.

ఆ మనిషివి కావాలంటే నర్సింగ్ దారినే వెళ్ళాలి. నాన్నగారు చెప్పిన ఏఎన్ఎం రెండేళ్ళే, తొందరగా సంపాదన మొదలవుతుంది. ఇంట్లో మరీ ఇబ్బందిగా ఉంటే తప్పుపట్టను. కానీ మామూలు కాన్పులు చేయించే నర్సుల్ని తయారుచేసే నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే 18 నెలల శిక్షణకు అది సరిపోదు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి ఉండాలి, పని అనుభవమూ కావాలి. తెలంగాణ దీన్ని 2017లోనే మొదలుపెట్టింది. దేశమంతటికీ మార్గదర్శకాలు 2018లో వచ్చాయి. నీకు బైపీసీ ఉంది కాబట్టి నాలుగేళ్ళ బీఎస్సీకే ప్రయత్నించు, సీటు రాకపోతే మూడేళ్ళ జీఎన్ఎం. ప్రవేశ పరీక్ష సంగతి ఈ ఏటి నోటిఫికేషన్‌లో చూడు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసిపెట్టుకో, చివర్లో టెన్షన్ ఉండదు. ఫీజు కట్టేముందు కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో తప్పక కనుక్కో. ఆరు నెలల్లో నర్సు చేస్తామనే చోటికి అసలే వెళ్ళొద్దు.

సీటు వచ్చేలోపు ఒక నోటు పుస్తకం తీసుకుని అమ్మమ్మ పక్కన కూర్చో. నొప్పులు నిజమైనవో కావో ఎలా పోల్చుకుంటుంది, బిడ్డ అడ్డం తిరిగిందని చేత్తో ఎలా కనిపెడుతుంది, ఏ గుర్తు చూస్తే ఇక నావల్ల కాదు, తీసుకెళ్ళండి అంటుంది, అన్నీ అడిగి ఆమె మాటల్లోనే రాసుకో.