మీ ప్రశ్నలు: రీడింగ్ బాగుంది, కణాలు మాత్రం ముడుచుకున్నాయి

ఎం.టెక్. విద్యార్థిని, కాకినాడ: సర్, పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌ని ఎలక్ట్రోస్పిన్నింగ్ చేసి, అంటే కరెంటు వోల్టేజితో దారాలుగా లాగి, సన్నటి దారాల పొర తయారుచేశాను. దాని మీద ఫైబ్రోబ్లాస్టులనే కణాలు వేస్తే ఎంటీటీ (బతికున్న కణాలు డైని ఊదారంగుకి మార్చే పరీక్ష) రీడింగ్ బాగానే వస్తోంది. మైక్రోస్కోప్‌లో చూస్తే మాత్రం గుండ్రంగా ముడుచుకుని గుంపులుగా ఉన్నాయి. మా గైడ్ గారు 'బయోకంపాటిబుల్ (ఒంటికి సరిపడేది) అని రాసెయ్' అంటున్నారు. రాయొచ్చా?

రాయకండి. గైడ్ గారితో గొడవ పెట్టుకోమని కాదు, ఇంకో రెండు పరీక్షలు చేశాక రాస్తానని చెప్పండి. ఎంటీటీ కణాల్ని లెక్కపెట్టదు, వాటిలో జీవక్రియ ఎంత జోరుగా ఉందో చూపిస్తుంది. పైగా పొరల మీద చేసినప్పుడు భలే మోసం చేస్తుంది. మీరు పోసిన కణాల్లో కొన్ని పొర అంచు దాటి వెల్ (కణాలు పెంచే ప్లేటులోని గుంట) అడుక్కి జారిపోతాయి, అక్కడ ప్లాస్టిక్ మీద హాయిగా పెరుగుతాయి, చివర్లో ఊదారంగు చూసి మనం అదంతా పొర గొప్పదనం అనుకుంటాం. అందుకే డై పోసేముందు పొరను ఫోర్సెప్స్‌తో ఎత్తి కొత్త వెల్‌లోకి మార్చాలి. కణాలు వేయని ఉత్త పొరకీ ఎంటీటీ చేసి ఆ రీడింగ్ తీసేయాలి. ఊదా స్ఫటికాలు దారాల మధ్య ఇరుక్కుని సరిగ్గా కరగకపోతే రీడింగ్ తగ్గిపోవచ్చు కూడా.

ఇక ముడుచుకోవడం సంగతి. కణం మీ పాలిమర్‌ని నేరుగా తాకదు. మీడియం (కణాల్ని పెంచే ద్రవం) తగిలిన క్షణాల్లోనే సీరంలోని ప్రొటీన్లు పొరకి అతుక్కుంటాయి, కణం దిగేసరికి దానికి దొరికేది ఆ పూతే. మంచం ఏ కర్రతో చేసినా పడుకునేది దుప్పటి మీదే కదా! పాలీకాప్రోలాక్టోన్‌కి నీళ్లంటే పడదు, ఒక చుక్క వేసి చూడండి, పరుచుకోకుండా గుండ్రంగా నిలబడుతుంది. అలాంటి చోట ఆల్బుమిన్ ముందే చేరి గట్టిగా అంటుకుంటుంది. కణానికి పట్టునిచ్చే ఫైబ్రోనెక్టిన్‌కి చోటు తక్కువ, చేరినా ఆకారం మారిపోయి, పట్టుకోవాల్సిన భాగం అందకుండా పోవచ్చు. ఆ భాగం ఎంతనుకున్నారు? అర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, ఈ మూడు అమైనో ఆమ్లాలే అందులో కీలకం. 1984లో పియర్ష్‌బాకర్, రూస్లాటి ఈ చిన్న ముక్క సంగతి బయటపెట్టారు. కణం పైనుండే ఇంటెగ్రిన్లనే ప్రొటీన్లు దాన్ని పట్టుకుంటేనే లోపల ఆక్టిన్ తీగలు బిగుసుకుని కణం సాగుతుంది.

కాబట్టి కణాలకు పట్టు దొరికేలా పొరని సోడియం హైడ్రాక్సైడ్‌లో కాసేపు నానబెట్టండి, ల్యాబ్‌లో ప్లాస్మా మిషను ఉంటే ఇంకా నయం, రెండూ కుదరకపోతే చవగ్గా జెలటిన్ పూత వేయండి. తర్వాత ఫాలోయిడిన్‌తో ఆక్టిన్‌కి, డాపీతో కేంద్రకానికి రంగు వేసి, పూత లేని పొరతో పోల్చి ఫొటోలు పెట్టండి. అప్పుడైనా 'ఈ కణాలకు హాని కనబడలేదు, పరుచుకున్నాయి' అనేంతవరకే రాయండి. ఒంట్లో మాక్రోఫేజ్‌లు (పరాయి వస్తువుల్ని మింగే రక్షక కణాలు) వచ్చి ఏం చేస్తాయో వెల్ ప్లేట్ చెప్పలేదు.

బీటెక్ విద్యార్థి, హనుమకొండ: మెత్తటి జెల్ మీద వేస్తే మూలకణాలు మెదడు కణాలైపోతాయట, నిజమేనా?

'అయిపోతాయి' అంటే ఎక్కువ చెప్పినట్టే, ఆ దారి పట్టాయంటే సరిపోతుంది. 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎంగ్లర్, డిషర్ బృందం ఎముక మజ్జ మూలకణాల్ని కొలాజెన్ పూసిన పాలీఅక్రిలమైడ్ జెల్స్ మీద పెంచింది. గట్టిదనం 1 కిలోపాస్కల్‌లోపు (అది గట్టిదనానికి కొలమానం) ఉన్నచోట నరకణాల లక్షణాలు, పది దరిదాపుల్లో కండరానివి, 25 నుంచి 40 మధ్య ఎముకవి కనిపించాయి. అదంతా గట్టిదనం వల్లేనా, లేక కొలాజెన్ జెల్‌కి ఎన్నిచోట్ల అతుక్కుందన్న దానివల్లా అని 2012లో ఒక బృందం ప్రశ్నిస్తే, గట్టిదనమే అసలు కారణమని 2014లో ఎంగ్లర్ బృందమే జవాబిచ్చింది. మీ ల్యాబ్ ప్లాస్టిక్ డిష్ గట్టిదనం గిగాపాస్కల్స్‌లో (ఒక్కోటి పదిలక్షల కిలోపాస్కల్స్) ఉంటుంది, దాని మీద వచ్చిన ఫలితాన్ని శరీరానికి అంటగట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

ఓ పాఠకుడు, నిజామాబాద్: మా మేనల్లుడి కంట్లో సున్నం పడింది. బాగున్న కంట్లోంచి కణాలు తీసి పెడతామంటున్నారు. కన్నార్పితే ఊడిపోవా, ఒంటికి పడకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

ఆ ఆపరేషన్‌ని స్లెట్ అంటారు. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 2012లో ప్రచురించిన పద్ధతే, కాబట్టి మీవాడి మీద కొత్తగా ప్రయోగం చేస్తున్నారని భయపడకండి. నల్లగుడ్డు అంచు నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిదో పదో తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన, కాన్పు తర్వాత దానంగా వచ్చిన ఉమ్మనీటి సంచి పొర మీద ఫైబ్రిన్ జిగురుతో అతికిస్తారు. ఆ పొరలో లామినిన్ లాంటి ప్రొటీన్లు సహజంగానే ఉంటాయి, అంటే కణాలకు పట్టు సిద్ధంగా ఉన్నట్టే. రెప్ప రాసుకోకుండా పైన మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పెడతారు. కణాలు వాడివే గనక ఒళ్లు తిప్పికొట్టే భయం వాటితో లేదు, పొర క్రమంగా కరిగిపోతుంది. రెండో కన్ను పూర్తిగా బాగుందో లేదో మాత్రం డాక్టర్ గారిని గట్టిగా అడగండి, అదీ దెబ్బతింటే దాత నుంచి తీసుకోవాల్సి వస్తుంది, అప్పుడు రోగనిరోధకతను అణిచే మందులు అవసరమవుతాయి.